ఇల్లు అమ్ముకుని వెళ్లిపోని వాళ్లు

ఫిలడెల్ఫియా అనగానే మనవాళ్లకు లిబర్టీ బెల్ గుర్తొస్తుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఆ పగిలిన గంటనూ, 1776లో స్వాతంత్ర్య ప్రకటన వెలువడిన హాలునూ చూపించి, నాలుగు ఫొటోలు దిగి, చీకటి పడేలోపు న్యూజెర్సీ చేరుకోవడం రివాజు. ఆ గంటకు వాయవ్యంగా, అదే నగరంలో, నేనుండే పేట ఉంది. పేరు వెస్ట్ మౌంట్ ఎయిరీ. టూరిస్టు బస్సులు ఇటు రావు. కానీ ఆ హాల్లో పలికిన స్వేచ్ఛ ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు, దక్కని వాళ్ల పక్షాన ఎవరు నిలబడ్డారు అన్నది తెలియాలంటే ఈ వీధుల్లోనే నడవాలని నా గట్టి నమ్మకం.

ఇక్కడి ఇళ్లు చాలావరకు విస్సహికన్ వాగు లోయలో దొరికే రాతితో కట్టినవి. బూడిదరంగు రాయి, మధ్యమధ్య అభ్రకం. గూడూరు వైపు వాళ్లకు దాని మెరుపు గురించి నేను చెప్పనక్కర్లేదు. వాన వెలిసి ఎండ కాసిందంటే గోడంతా తళతళమంటుంది. ఇళ్ల ముందు అరుగుల్లాంటి వరండాలు, వాటి ముందు ఫుట్‌పాత్, ఫుట్‌పాత్ అంచున ఓక్, మేపుల్, సికమోర్ చెట్లు. సికమోర్ బెరడు పెచ్చులు పెచ్చులుగా ఊడి, లోపలి తెల్లటి మాను బయటపడుతుంది. మా వాకిట్లో ఉన్న సికమోర్ వేరు ఒక సిమెంటు పలకను జానెడు ఎత్తు లేపేసింది. ఈ నగరంలో ఇంటి ముందు ఫుట్‌పాత్ బాగు చేయించే భారం ఇంటి యజమానిదే. చెట్టు మీద మాత్రం అధికారం నగరానిది. పర్మిట్ లేకుండా కొట్టడానికి లేదు. అందుకే ఇక్కడ చాలామంది పలకను కోయించి, వేరుకు దారి వదిలి, మళ్లీ సిమెంటు పోయించుకుంటారు.

వందేళ్ల వయసున్న చెట్టు కింద బతకడం ఎంత హాయో చెప్పలేను. అయితే ఆ నీడ ఎవరి మీద పడాలో ఒకప్పుడు కాగితాల మీద రాసుకున్నారని తెలిశాక, ఈ చెట్లను చూసే నా చూపే మారిపోయింది.

మా పేటకు పొరుగున ఉన్న జర్మన్‌టౌన్‌ను 1683లో జర్మనీ నుంచి వలస వచ్చిన కుటుంబాలు కట్టుకున్నాయి. అయిదేళ్లకే, 1688లో, వాళ్లలో నలుగురు కూర్చుని ఒక అర్జీ రాశారు. మిమ్మల్ని ఎవరైనా పట్టుకుపోయి అమ్మేస్తే ఊరుకుంటారా, మరి నల్లవాళ్లను ఎలా కొంటున్నారు అని అందులో తమ క్రైస్తవ శాఖకే చెందిన తోటి క్వేకర్లను నిలదీశారు. ఇంగ్లిష్ వలస రాజ్యాల్లో బానిసత్వాన్ని ఖండిస్తూ ఒక సమూహం రాసిన మొదటి నిరసన పత్రం అదే. పెద్దలు దాన్ని ఒక సభ నుంచి పై సభకు పంపించి, చివరికి పక్కన పెట్టేశారు. బానిసలు ఉన్నవాళ్లకు తమ సంఘంలో చోటు లేదని ఫిలడెల్ఫియా క్వేకర్లు తేల్చి చెప్పింది 1776లో. ఎనభై ఎనిమిదేళ్లు పట్టింది.

జర్మన్‌టౌన్ అవెన్యూ మీదే క్లైవ్‌డెన్ అనే పెద్ద రాతి భవనం ఉంది. స్వాతంత్ర్య యుద్ధంలో, 1777 అక్టోబర్ 4న, బ్రిటిష్ సైనికులు అందులో దూరి తలుపులు బిగించుకుంటే, వాషింగ్టన్ సేన ఎంత ప్రయత్నించినా వాళ్లను కదిలించలేక ఓడిపోయింది. తూటాల గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ ఇంటి యజమాని బెంజమిన్ చ్యూ పెద్ద న్యాయమూర్తి. ఆయనకు బానిసలు ఉండేవారు. ఆ బానిస కుటుంబాల్లో ఒకదానిలో 1760లో పుట్టాడని చెప్పే రిచర్డ్ అలెన్, తర్వాత తన స్వేచ్ఛను తానే కొనుక్కుని, నల్లజాతి వారి తొలి స్వతంత్ర క్రైస్తవ సంఘాన్ని ఇదే నగరంలో నెలకొల్పాడు. ఆ భవనానికి కూతవేటు దూరంలో జాన్సన్ హౌస్ ఉంది. దక్షిణాది నుంచి పారిపోయి వచ్చే బానిసలకు ఒక క్వేకర్ కుటుంబం ఆశ్రయమిచ్చిన ఇల్లది. ఒకే రోడ్డు మీద ఈ రెండిళ్లూ ఉన్నాయి. అమెరికా చరిత్ర ఎక్కడైనా ఇలాగే ఉంటుంది, ఒక గుమ్మానికి ఎదురుగా ఇంకో గుమ్మం.

బానిసత్వం 1865లో పోయింది. ఇల్లు కొనుక్కునే హక్కు మాత్రం అంత తేలిగ్గా రాలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో దేశమంతటా ఇళ్ల దస్తావేజుల్లో ఒక షరతు రాసేవారు: తెల్లవారు కాని వాళ్లకు ఈ ఇల్లు అమ్మరాదు, అద్దెకు ఇవ్వరాదు. చాలా దస్తావేజుల్లో ఆ షరతు పక్కనే ఒక మినహాయింపు కూడా ఉండేది. ఇంటి పనివాళ్లుగా అయితే ఉండొచ్చు. ఫిలడెల్ఫియాలోనూ ఇలాంటివి వేలల్లో బయటపడ్డాయి. మన పల్లెల్లో ఊరూ వాడా విడివిడిగా ఉండటానికి దస్తావేజు కూడా అవసరం లేకపోయింది. హైదరాబాద్‌లో టు-లెట్ బోర్డు చూసి తలుపు తడితే, ఇంటిపేరు అడిగి, ఏం తింటారో కనుక్కుని, ఆ తర్వాతే అద్దె మాట ఎత్తే ఇళ్లు ఈ రోజుకీ ఉన్నాయి. కాబట్టి ఈ కథ మనవాళ్లకు కొత్తగా ఉండదు.

1930లలో ప్రభుత్వమే ఇందులో దిగింది. గృహరుణాల కోసం నగరాల మ్యాపులు గీయించి, పేటలకు రంగులు వేయించింది. ఆకుపచ్చ అయితే శ్రేష్ఠం, ఎరుపు అయితే ప్రమాదం. నల్లవాళ్లు ఉన్న పేటలు దాదాపు అన్నీ ఎరుపులో పడ్డాయి. అక్కడ లోను పుట్టదు. లోను పుట్టకపోతే ఇల్లు కొనలేరు, ఉన్నది బాగు చేయించుకోలేరు, పిల్లలకు ఆస్తి మిగలదు.

1948 మే నెలలో సుప్రీంకోర్టు, షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో, అలాంటి షరతులను కోర్టులు అమలు చేయడానికి వీల్లేదని తీర్పిచ్చింది. దాంతో కొందరు బ్రోకర్లు కొత్త వ్యాపారం మొదలుపెట్టారు. వీధిలోకి ఒక నల్లజాతి కుటుంబం వచ్చిందనగానే తెల్లవాళ్ల ఇళ్లకు వెళ్లేవారు. రేపు మీ ఇంటికి ధర ఉండదు, ఇప్పుడే అమ్మేయండి అని బెదరగొట్టేవారు. భయపడినవాళ్ల దగ్గర కారుచౌకగా కొని, ఇంకెక్కడా ఇల్లు దొరకని నల్లవాళ్లకు రెట్టింపు ధరలకు అంటగట్టేవారు. రెండు మూడేళ్లలో వీధికి వీధి మారిపోయేది. అమెరికాలో ఎన్నో నగరాలు ఇలాగే రెండు ముక్కలయ్యాయి.

వెస్ట్ మౌంట్ ఎయిరీలో అలా జరగలేదు. దానంతటదే తప్పిపోయిన ముప్పు కాదది. 1950లలో ఇక్కడి చర్చిలు, జర్మన్‌టౌన్ జ్యూయిష్ సెంటర్ అనే యూదుల ప్రార్థనాలయం చేతులు కలిపాయి. శివారుల్లోకి తరలిపోతున్న యూదులను ఇక్కడే ఉండమని అక్కడి మతగురువు రబ్బీ ఎలియాస్ చారీ నచ్చజెప్పారు. జనం ఇంటింటికీ తిరిగి, అమ్మకండి, ఉండండి, కొత్తగా వచ్చినవాళ్లను పలకరించండి అని చెప్పుకున్నారు. 1959లో వెస్ట్ మౌంట్ ఎయిరీ నైబర్స్ అనే సంఘం పెట్టుకుని బ్రోకర్ల ఆగడాలకు అడ్డుకట్ట వేశారు. ఇళ్ల అమ్మకాల్లో జాతి వివక్షను నిషేధించే కేంద్ర చట్టం వచ్చింది 1968లో. వీళ్లు చట్టం కోసం ఎదురుచూడలేదు.

ఇక్కడ స్థిరపడిన వాళ్లలో సేడీ అలెగ్జాండర్ ఒకరు. 1921లో ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్ అందుకున్నారు. ఈ దేశంలో ఆ శాస్త్రంలో ఆ పట్టా పొందిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆమే. ఆర్థికవేత్తగా ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు. మళ్లీ చదివి 1927లో లా పూర్తి చేశారు. అధ్యక్షుడు ట్రూమన్ వేసిన పౌరహక్కుల కమిటీలో సభ్యురాలయ్యారు. ఆమె పేరు మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సిందని నాకు అనిపిస్తుంది.

మరి మనకూ ఈ కథకూ సంబంధం ఏమిటి? 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో, భారతీయులు తెల్లవారు కారు కనుక పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు తేల్చింది. ఎన్నో మందులు కనిపెట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు దశాబ్దాల పాటు ఈ దేశంలో పరాయివాడిగానే పనిచేసి, పౌరుడు కాకుండానే 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో కన్నుమూశారు. 1946 నుంచి ఇండియాకు ఇచ్చిన కోటా ఏడాదికి వంద మంది. ఆ తలుపు విశాలంగా తెరుచుకున్నది 1965 వలస చట్టంతో. 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటుహక్కు చట్టం వచ్చిన గాలిలోనే అదీ వచ్చింది. నల్లవాళ్లు దెబ్బలు తిని, జైళ్లకు వెళ్లి సాధించిన దాని ఫలం మన చేతికి ఉచితంగా అందింది. మన డాక్టర్లూ ఇంజనీర్లూ ఆ దారినే వచ్చారు. మంచి స్కూలు పేరు చెప్పి నల్లవాళ్లు లేని పేటల్లో ఇళ్లు వెతికే మనవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

మా పేటలో అంతా సవ్యంగా ఉందని నేను అనను. ఇక్కడ కలిసి బతికినవాళ్లు ఎక్కువగా చదువుకున్నవాళ్లు, ఉద్యోగస్తులు. పేదవాడికి ఇక్కడ ఇల్లు అప్పుడూ అందలేదు, ఇప్పుడూ అందదు. చెట్ల నీడా అంతే, అందరికీ అందదు. ఇదే నగరంలో హంటింగ్ పార్క్ అనే పేట ఉంది. చెట్లు తక్కువ, సిమెంటు ఎక్కువ. వేసవిలో అక్కడి వేడి తట్టుకోలేనిదై, 2019లో నగర పాలక సంస్థ ఆ ఒక్క పేట కోసం ప్రత్యేక ప్రణాళిక వేయాల్సి వచ్చింది. 108 అమెరికన్ నగరాలను పరిశీలించిన 2020 నాటి అధ్యయనంలో, నూటికి తొంభైకి పైగా నగరాల్లో, ఆ పాత మ్యాపుల్లో ఎరుపు పడ్డ పేటలే ఎక్కువ వేడెక్కుతున్నాయని తేలింది. 1930లలో వేసిన రంగు ఇప్పటికీ ఒంటికి తగులుతోంది.

ఫిలడెల్ఫియా వస్తే ఒక పూట ఇటు కేటాయించండి. సెంటర్ సిటీలో చెస్ట్‌నట్ హిల్ వెస్ట్ లైన్ రైలెక్కి అప్సాల్ స్టేషన్‌లో దిగండి. చెట్ల కింద తూర్పుకు నడిస్తే జర్మన్‌టౌన్ అవెన్యూ వస్తుంది. ముందు క్లైవ్‌డెన్, తర్వాత జాన్సన్ హౌస్. రెండూ ఇప్పుడు మ్యూజియంలే. తెరిచే వేళలు ముందుగా కనుక్కోండి. పిల్లలు ఉంటే జాన్సన్ హౌస్ గైడ్‌ను ప్రశ్నలు అడగనివ్వండి. జూన్‌లో వస్తే ఆ ఇంటి ముందు రోడ్డు మీదే, బానిసత్వం అంతమైనందుకు చేసుకునే జూన్‌టీన్త్ పండగ జరుగుతుంది, చూసి వెళ్లండి.