తెల్లపొగ, శనివారం జ్వరం

డ్యూటీలో ఉండి ఆడియో వినలేకపోయినవాళ్ళ కోసం ఈ ఎపిసోడ్‌ను ఇక్కడ రాసి పెడుతున్నా.

దమ్మామ్‌లో నేను వెల్డింగ్ పనిలో కొత్త. శుక్రవారం సెలవు అయిపోయింది. శనివారం పొద్దంతా మూసి ఉన్న షెడ్డులో జీఐ పైపులు అతికించాను. రాత్రి రూముకొచ్చాక నోట్లో చిల్లర నాణెం పెట్టుకున్నట్టు రుచి, ఆ వెంటనే వణుకు, జ్వరం. మలేరియా అనుకున్నారు రూమువాళ్ళు. సోమవారానికి తగ్గిపోయింది. "పాలు తాగు, ఏం కాదు" అన్నాడు ఫోర్‌మన్.

జీఐ పైపు మీద ఉండేది జింకు పూత. ఇనుము కరగాలంటే 1,500 డిగ్రీలు దాటాలి. జింకు 907 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది. ఆ ఆవిరి గాలిలోని ఆక్సిజన్‌తో కలిస్తే తెల్లపొగ. అదే జింక్ ఆక్సైడ్.

ఫ్యాక్టరీలో కూడా దాన్ని ఇలాగే చేస్తారు. జింకును మరిగించి, ఆవిరిని గాలిలో మండించి, రాలిన తెల్లపొడిని సంచుల్లో పడతారు. 1840ల్లో ప్యారిస్‌లో లెక్లేర్ అనే పెయింటింగ్ కాంట్రాక్టరు ఈ పొడితో రంగు చేయించాడు. అప్పటిదాకా తెల్లరంగంటే సీసమే. దానివల్ల పెయింటర్లకు కడుపులో మెలిపెట్టే నొప్పి, మణికట్లు పడిపోవడం. తన పనివాళ్ళను కాపాడుకోవడానికే ఆయన జింకు వైపు తిరిగాడు. భవనాల లోపలి గోడలకు సీసం రంగు వద్దని అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం చేసింది మాత్రం 1921లో!

ఈ పొడి ఇప్పుడు టైర్లలో ఉంది, దురదకు రాసే క్యాలమైన్ లోషన్‌లో ఉంది. చర్మానికి మేలే చేస్తుంది. అప్పుడే పుట్టిన సన్నటి పొగగా ఊపిరితిత్తుల్లోకి పోతేనే జ్వరం. ఇత్తడి పోతపోసే కార్మికులు దీన్ని సోమవారం జ్వరం అనేవారు. వారమంతా పొగలో ఉంటే ఒళ్ళు అలవాటు పడుతుంది, సెలవు రోజుతో ఆ అలవాటు పోతుంది. మనకు సెలవు శుక్రవారం కాబట్టి శనివారం పట్టుకుంటుంది.

పాలు కడుపులోకి పోతాయి, పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే పాలతో లాభం లేదు. అతికించే చోట పూత ముందే తీసెయ్యండి. పొగను లాగే ఫ్యాను అడగండి. ముఖానికి గుడ్డ కట్టుకుంటే చాలదు, వెల్డింగ్ పొగకు పనికొచ్చే ఫిల్టర్ మాస్కు కావాలి. ఊపిరాడకపోతే, రెండు రోజులైనా తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్ళి ఏ లోహం అతికించారో డాక్టరుకు చెప్పండి. క్యాడ్మియం పొగ కూడా మొదట ఇలాగే జ్వరంలా వస్తుంది, అది ప్రాణం తీస్తుంది.

లెక్లేర్ తన పనివాళ్ళ కోసం రంగే మార్చాడు. మాస్కు అడగడానికి మనం మొహమాటపడొద్దు అన్నలూ.