నరం తొడుగులో కుష్ఠు: ష్వాన్ కణాల పాత్రపై ఒక పరిశీలన

1873లో ఇటలీలో కామిల్లో గాల్జీ వెండి లవణంతో నాడీకణాలకు రంగు పట్టించే పద్ధతిని ప్రకటించాడు. అదే ఏడు నార్వేలోని బెర్గెన్‌లో గెర్హార్డ్ ఆర్మావర్ హాన్సెన్ కుష్ఠు రోగుల కణజాలంలో కడ్డీల్లాంటి సూక్ష్మజీవులను చూశాడు. ఆ తరవాత చాలాకాలం ఈ రెండు దారులూ కలవలేదు. నాడీశాస్త్రం న్యూరాన్‌ను పట్టుకుంది, కుష్ఠు పరిశోధన ఎక్కువగా చర్మాన్ని పట్టుకుంది. (న్యూరాన్లకు తోడుండే గ్లియా కణాలకు పేరు పెట్టిన రుడాల్ఫ్ విర్షోయే 1859లో కుష్ఠును పరిశీలించడానికి నార్వే వెళ్ళాడన్నది ఒక విచిత్రం.) కుష్ఠును ప్రధానంగా ఒక గ్లియా కణానికి, అంటే ష్వాన్ కణానికి, వచ్చే జబ్బుగా చూడాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. అలా చూస్తే ఆ కణం నరానికి చేసే సేవ ఏమిటో, సూక్ష్మజీవి చచ్చాక కూడా నరం ఎందుకు కోలుకోదో అర్థమవుతాయి.

నాడీ వ్యవస్థలో న్యూరాన్లు కాని కణాల్లో ఎక్కువ భాగం గ్లియా. మెదడు, వెన్నుపాములలో ఆస్ట్రోసైట్లు, ఆలిగోడెండ్రోసైట్లు, మైక్రోగ్లియా ఉంటాయి; వాటిని దాటి బయటికి వచ్చిన నరాల్లో ష్వాన్ కణాలదే రాజ్యం. మెదడులో ఒక్కో న్యూరాన్‌కు పది గ్లియా కణాలుంటాయన్న మాట పాఠ్యపుస్తకాల్లో దశాబ్దాలపాటు చెలామణి అయింది. సుజానా హెర్కులానో-హౌజెల్ బృందం 2009లో లెక్క కడితే న్యూరాన్లు సుమారు 8,600 కోట్లు, తక్కిన కణాలు సుమారు 8,500 కోట్లు తేలాయి. సంఖ్య తగ్గినంత మాత్రాన గ్లియా ప్రాధాన్యం తగ్గలేదు. నిజానికి పదింతలన్న ఆ లెక్కే వాటి పనిమీద పెట్టాల్సిన దృష్టిని మళ్ళించిందని నా అభిప్రాయం.

ష్వాన్ కణాలు రెండు రకాలు. ఒక రకం, ఒకే నాడీతంతువులో ఒక చిన్న ముక్క చుట్టూ మైలిన్ అనే తొడుగును పొరలు పొరలుగా చుడుతుంది. మైలిన్ ఉన్న మందపాటి తంతువుల్లో సంకేతం సెకనుకు 100 మీటర్లకు పైగా పరుగెత్తగలదు. లేని సన్నని తంతువుల్లో అది 2 మీటర్లు దాటదు. రెండో రకం మైలిన్ చుట్టదు. నొప్పినీ, వేడినీ చల్లదనాన్నీ మోసే సన్నని తంతువులను గుంపుగా తన మడతల్లో పొదువుకుంటుంది. పాదం దాకా పోయే తంతువు కొస తన కణదేహానికి మీటరు దూరంలో ఉంటుంది. అంత దూరానికి శక్తి అంతా కణదేహం నుంచే రావాలంటే కష్టం. ఆ లోటును పక్కనే ఉన్న ష్వాన్ కణం గ్లూకోజును లాక్టేట్‌గా మార్చి అందిస్తూ కొంత తీరుస్తుందని ఆధారాలున్నాయి. నరం తెగితే ఇదే కణం మైలిన్‌ను వదిలేసి మరమ్మతు కణంగా మారుతుంది. శిథిలాలను తొలగించి, కొత్తగా మొలిచే తంతువుకు దారి చూపుతుంది.

ఈ రూపం మార్చుకునే గుణమే కుష్ఠు సూక్ష్మజీవి అయిన మైకోబాక్టీరియం లెప్రేకు కలిసి వచ్చినట్టుంది. 2001లో వెలువడిన దాని జీనోమ్‌లో పనిచేసే జన్యువులు 1,600 దాకా ఉంటే, చెడిపోయినవి వెయ్యికి పైనే. సొంత సరంజామా ఇంతగా పోగొట్టుకున్న జీవి మరో కణం లోపల తప్ప బతకలేదు. ప్రయోగశాల పళ్ళెంలో దాన్ని పెంచడం నేటికీ సాధ్యం కాలేదు. ఒకటి రెండు కావడానికి రెండు వారాలు పడుతుంది. ష్వాన్ కణం చుట్టూ ఉండే లామినిన్-2 అనే ప్రోటీనుకు అది అతుక్కుంటుందనీ, అక్కడి నుంచి కణం మీది డిస్ట్రోగ్లైకాన్‌ను చేరుతుందనీ అనురా రంబుక్కన బృందం 1997, 1998లలో చూపింది. సూక్ష్మజీవి పైపొరలోని పి.జి.ఎల్.-1 అనే కొవ్వు పదార్థం కూడా లామినిన్‌ను పట్టుకుంటుంది. శరీరపు లోపలి వేడి దానికి సరిపడదు. మోచేతి దగ్గర ఉల్నార్ నరం, మోకాలి పక్క పెరోనియల్ నరం వంటి పైపైన సాగే చల్లని చోట్లే ఎక్కువగా దెబ్బతినడానికి ఇదొక కారణం.

అసలు చిక్కు మైలిన్ ఎలా పోతుందన్న దగ్గర ఉంది. 2002లో రంబుక్కన బృందమే, టి, బి లింఫోసైట్లు లేని ఎలుకల్లో కూడా సూక్ష్మజీవి తగిలిన వెంటనే మైలిన్ ఊడిపోయిందని చూపింది. అంటే రోగనిరోధక వ్యవస్థతో ప్రమేయం లేకుండా నేరుగా జరిగే నష్టం. 2017లో జీబ్రాచేపల మీద జరిగిన పరిశోధన దీనికి ఎదురు నిలిచింది: సూక్ష్మజీవిని మింగిన మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు, పి.జి.ఎల్.-1 ప్రేరణతో, నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేసి తంతువులను పాడుచేస్తాయని అది చెప్పింది. ఈ రెంటిలో ఒకదాన్నే ఎంచుకోవాలని నేను అనుకోను. చేపపిల్లలో కొద్ది రోజుల్లో జరిగేదీ, మనిషిలో సగటున 5 ఏళ్ళు, ఒక్కోసారి 20 ఏళ్ళకు పైగా బయటపడకుండా సాగేదీ ఒకే గడియారంతో కొలవదగినవి కావు. తొలి దెబ్బ ఎవరిదైనా ష్వాన్ కణం తన పని మానేయడం మాత్రం రెండు వాదాలకూ సమ్మతమే.

ఆ పని మానేయడంలోనూ మెట్లున్నాయి. సోకిన ష్వాన్ కణం గ్లూకోజును ఎక్కువగా లాక్కుని లాక్టేట్‌ను తక్కువగా తయారు చేస్తుందని 2016లో వెలువడిన అధ్యయనం తెలిపింది. తంతువుకు అందాల్సిన ఆహారం సూక్ష్మజీవి కొవ్వు నిల్వలవైపు మళ్ళుతోందన్నమాట. 2013లో మరింత ఆశ్చర్యకరమైన ఫలితం వచ్చింది: ఎలుకల్లో సోకిన కణాలు తమ ష్వాన్ గుర్తింపునే వదులుకుని మూలకణాల వంటి స్థితికి పోయాయి. రోగి అనుభవంలో ఇది మొదట చిన్న విషయంగానే కనిపిస్తుంది. వేడిని పసిగట్టే సన్నని తంతువులు తొలిదశలోనే దెబ్బతింటాయి కనుక, పొయ్యి మీది గిన్నెను బట్ట లేకుండా దించినా చేతికి తెలియదు. బొబ్బ, పుండు, వేలు ముడుచుకోవడం ఆ తరవాత వరసగా వస్తాయి.

తెలుగునాట ఈ జబ్బుకు చికిత్స చరిత్ర పొడవైనదే. నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్, జార్జ్ కెర్ దంపతులు 1915లో మొదలుపెట్టిన కుష్ఠు ఆసుపత్రిలో హిడ్నోకార్పస్ నూనె వాడారు. బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందం 1981లో సిఫారసు చేసింది. 2005 చివరికి దేశంలో రోగుల సంఖ్య పదివేలకు ఒకరికన్నా తగ్గింది. ఈ విజయం చిన్నది కాదు. కానీ ఆ కొలత సూక్ష్మజీవికి సంబంధించింది, నరానికి సంబంధించింది కాదు. 6 లేక 12 నెలల మందుల కోర్సు ముగిసిన రోగి రిజిస్టరులో నయమైనవాడే. చచ్చిన సూక్ష్మజీవుల అవశేషాల మీద రోగనిరోధక చర్య చెలరేగి అదే నరం ఆ తరవాత కూడా వాచవచ్చు, ఒక్కోసారి నొప్పి కూడా లేకుండా పనిచేయడం మానేయవచ్చు. అప్పుడు చేతిలో ఉన్నది ప్రెడ్నిసలోన్. అది వాపును అణచుతుంది, ష్వాన్ కణానికి మైలిన్ చుట్టే పని మళ్ళీ నేర్పదు.

ఆ పని నేర్పే మందును వెతకడానికి ఎలుక నరం పొట్టి, చేప ఆయువు పొట్టి. ప్రస్తుతానికి అందుబాటులో ఉన్న మేలైన జంతువు అమెరికా ఖండపు తొమ్మిది పట్టీల ఆర్మడిల్లో. దాని ఒంటి వేడి మనకన్నా తక్కువ. అందులో సూక్ష్మజీవి కోట్లలో పెరుగుతుంది, నరాలు మన నరాల్లాగే నెమ్మదిగా పాడవుతాయి. ష్వాన్ కణాన్ని కాపాడే ఏ మందైనా మనిషి దాకా రావాలంటే ముందు ఈ జంతువులో, చికిత్స ముగిశాక కూడా నరాన్ని కొన్నాళ్ళపాటు పరీక్షిస్తూ, నెగ్గాలి.