గొంతుపై పడిన ముద్ర

జనగామ సీమవాని మాట తొలిసారి విన్న దూరపు తెలుగువాడు 'ఏల కోపించుచున్నావు?' అని యడుగుట కద్దు. అందు కోపము లేదు; అది ఆ నేల మాటతీరు. 'నువ్వు' అనిన మన్నన తప్పినట్లు గాదు. బాపు, అవ్వ, అన్న యను పిలుపులోనే ఆ మన్నన యిమిడియున్నది.

'వచ్చిండు' అనుట మోటని నవ్వువారు వ్యాకరణము తెరచి చూతురు గాక. గ్రంథములలో 'వచ్చినాఁడు' అని వ్రాయు అరసున్న యొకప్పటి నిండుసున్నకు మిగిలిన గుర్తు. కోస్తావారి 'వచ్చాడు'లో ఆ సున్న జాడయే లేదు. మానుకోట, భూపాలపల్లి పల్లెలలో నది నేటికిని మ్రోగుచున్నది. చెడినది ఎవరి మాటయో చదువరులే చెప్పవలెను.

ఈ నవ్వునకు చరిత్ర గలదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో కార్వే పండితుని అధ్యక్షతను సంఘసంస్కరణ సభ జరిగెను. ఇతర భాషల ఉపన్యాసములను ఓపికగా వినిన సభ, ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడ లేచినంతనే గేలిచేసెను. సంస్కరణ సభలోనే యిట్లు జరుగుట గమనింపదగినది! ఆ రాత్రియే ఆంధ్రజనసంఘము పుట్టినది. పిమ్మట తెలంగాణమున కవులే లేరని తెలుగువారే యనగా, సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 354 కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. ద్విపదలో జాను తెనుగు పలికిన సోమనాథుని పాలకుర్తియు, పోతన బమ్మెరయు జనగామ సీమలోనే యున్నవి గదా! 1956లో రాష్ట్రము లొకటియైన తరువాతను నవ్వు మానలేదు. వెండితెరపై నాయకునికొక తెలుగు, రౌడీకిని విదూషకునికిని మరియొక తెలుగు చిరకాలము నడచినవి.

ఐరోపా ఉత్తరమున ఫిన్లండు వారికిని ఇట్టి ముద్ర గలదు. వారు పెదవి విప్పరనియు, విప్పినను స్వరమున ఎత్తుపల్లములుండవనియు లోకము చెప్పుకొనును. ఆ భాషలో ఊనిక ఎల్లప్పుడును మాట మొదటనే పడును గనుక పరుల చెవికి సాపుగా తోచుట వింత గాదు. ఐన నింకొక సంగతి. అచ్చట తరతరములుగా కచేరీకిని చదువునకును స్వీడిషు భాషయే; ఫిన్నిషు పల్లెజనుల పలుకు. 1863లో రష్యా చక్రవర్తి ఆజ్ఞ యిచ్చిన పిదపనే దానికి కచేరీ తలుపు తెరువబడసాగెను. తన భాష చెల్లనిచోట మనుజుడు మితభాషి యగుట సహజము గాదా? నిజాము కచేరీలో ఉర్దూ కాగితము ముందు చేతులు కట్టుకొని నిలిచిన మన రైతును తలచుకొనుడు.

నేడు కాళోజీ జన్మదినమగు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషాదినముగా జరుపుకొనుచున్నాము. సంతోషమే. కాని మహబూబాబాదు తండాలలోని లంబాడీ బిడ్డకు ఇంటి మాట గోరుబోలి; భూపాలపల్లి అడవిపల్లెలలోని కోయబిడ్డలకు కోయయే తల్లినుడి. వారు బడిలో తెలుగు చదువునపుడు రాగము మారును, అక్షర మొకటి తారుమారగును. అప్పుడు నవ్వువారిలో, 'వచ్చిండు' అన్నందుకు పట్నమున నవ్వులపాలైనవారును గలరు. రెండుమారులు నవ్వులపాలైన బిడ్డ మూడవమారు నోరు మెదపదు. పిమ్మట మన మా బిడ్డకు మొద్దని పేరు పెట్టుదుము. ఆ బిడ్డయే సాయంకాలము తండాలో తల్లి ప్రక్కను కూర్చుండి, బడిలో జరిగినదెల్ల ఊపిరి తిప్పుకొనక చెప్పుచుండును.