ఉమ్మడి వర్చువల్ రియాలిటీ: నిర్ణయాధికారమును గూర్చిన చారిత్రక పరిశీలన

వేర్వేరు స్థలములలోనున్న అనేకులు కంప్యూటరు కల్పించిన ఒకే లోకములో కలిసికొనుటకు చేసిన ఏర్పాటును ఉమ్మడి వర్చువల్ రియాలిటీ అందురు. నిజమువలె కనబడు బొమ్మను గీయుటయే ఇందులో కష్టమని మనలో అనేకులు తలంచుదురు. అయితే దీని చరిత్రను పరిశీలించినయెడల, "ఏమి జరిగినదో ఎవరు నిర్ణయించవలెను?" అను ప్రశ్న మొదటినుండియు రూపకర్తల ఎదుట ఉన్నదని తేటపడుచున్నది.

1983లో అమెరికా రక్షణశాఖకు చెందిన డార్పా సంస్థ, జాక్ థోర్ప్ ఆలోచన మేరకు సిమ్‌నెట్ పథకమును ఆరంభించెను. దూరప్రాంతములలోని ట్యాంకు సిబ్బందికి కలిపి శిక్షణనిచ్చుట దాని ఉద్దేశము. అందులో అందరినీ ఏలు కేంద్ర యంత్రము లేదు. ప్రతి యంత్రము యుద్ధభూమి ప్రతిని తనయొద్దనే ఉంచుకొని, తన ట్యాంకు స్థానమును, వేగమును ఇతరులకు తెలుపుచుండెను. తక్కిన యంత్రములు ఆ వేగమునుబట్టి దాని కదలికను ఊహించెడివి. ఊహకును వాస్తవమునకును తేడా హద్దు మీరినప్పుడే కొత్త సందేశము వెళ్లెడిది. కదలక నిలిచిన ట్యాంకు మాత్రము తానున్నానని అప్పుడప్పుడు తెలుపుచుండెను. నావికుల లెక్కనుండి వచ్చిన ఈ పద్ధతికి డెడ్ రెకనింగ్ అని పేరు. గుండు తగిలినదని కాల్చిన యంత్రము చెప్పును. ఎంత నష్టము కలిగెనో తగిలిన యంత్రమే తేల్చును. ఈ విధానమే 1993లో ఐఈఈఈ 1278 ప్రమాణమునకు ఆధారమాయెను.

1986లో లూకాస్‌ఫిల్మ్ సంస్థలో చిప్ మార్నింగ్‌స్టార్, రాండల్ ఫార్మర్ రూపొందించిన హాబిటాట్ ఇందుకు భిన్నమైనది. తలకు తొడుగు పరికరమేదియు లేదు; ఇంటిలోని కమడోర్ 64 కంప్యూటరు, టెలిఫోను తీగ చాలును. లోకపు స్థితిని కేంద్ర కంప్యూటరే భద్రపరచెను గనుక యంత్రముల మధ్య వివాదము తగ్గెను, కాని మనుష్యుల మధ్య వివాదము తగ్గలేదు. అవతారములు ఒకరినొకరు దోచుకొనుట, చంపుట మొదలాయెను. అది నేరమా, ఆటలో భాగమా అని వాదము లేచెను. అందులో పాల్గొనిన ఒక గ్రీకు ఆర్థోడాక్స్ పరిచారకుడు ఆయుధము పట్టని, దొంగిలింపని అనుచరులతో ఒక సంఘమును స్థాపించెను. రూపకర్తలు చివరకు పట్టణములోపల దొంగతనమును, కాల్పులను ఆపివేసి, వెలుపల మాత్రమే అనుమతించిరి. సమస్తమును కేంద్రమునుండి ముందుగా ప్రణాళిక వేయుట సాధ్యము కాదని వారు తరువాత వ్రాసిరి.

జనసమూహము పెరిగినకొలది మరియొక ప్రశ్న లేచెను: ఎవరి మాట ఎవరికి వినబడవలెను? 1993లో స్టీవ్ బెన్‌ఫర్డ్, లెనార్ట్ ఫాలెన్ ఇందుకొక నమూనాను ప్రతిపాదించిరి. వినువాని శ్రద్ధ ఎంతవరకు వ్యాపించునో, పలుకువాని ఉనికి ఎంతవరకు వ్యాపించునో, ఆ రెంటినిబట్టి ఒకరి మాట మరియొకరికి చేరును.

దూరము ఉన్నంతకాలము ఆలస్యము తప్పదు. కాబట్టి "ఒకే లోకము" అనునది నిజానికి అనేక ప్రతుల మధ్య కుదిరిన ఒప్పందమే. అట్టి వ్యవస్థను పరిశీలించునప్పుడు బొమ్మ అందమునకు ముందుగా, ప్రతులు విభేదించినప్పుడు ఎవరి మాట చెల్లునో మనము అడుగవలసియున్నది.