పై మేకు

ఖరగ్‌పూర్‌లో మా ఇంటి ముందుగది గోడకి రెండు మేకులుండేవి. కింది మేకుకి బైబిలు వాక్యాల క్యాలెండరు. పై మేకుకి తాత ఇత్తడి బిళ్ల, దాని మీద బి.ఎన్.ఆర్. అన్న అక్షరాలు, ఒక నంబరు. వర్క్‌షాపు గేటు దగ్గర అది చూపిస్తేనే హాజరు. రిటైరైన రోజున తిరిగి ఇచ్చెయ్యాల్సిన బిళ్లని తాత ఎలా తెచ్చుకున్నాడో మాకెప్పుడూ చెప్పలేదు. ప్రతి శనివారం మామ్మ దాన్ని చింతపండుతో తోమేది. మా ఇంట్లో బైబిలు మీద దుమ్ము చూశాను గానీ బిళ్ల మీద చూడలేదు.

కటకం నుంచి వాల్తేరు దాకా రైలుమార్గం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) చేతికొచ్చింది. ఆ కాలంలోనే ఖరగ్‌పూర్‌లో పెద్ద వర్క్‌షాపు లేచింది. శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో సెంటు భూమి లేనివాళ్లకి నెలజీతం అన్న మాట ఆ పట్టాల మీదే చేరింది. ఖరగ్‌పూర్‌లోని మథురాకాటి, నీంపురా వీధులు తెలుగు మాట్లాడటం అలా మొదలైంది.

తాత ఖరగ్‌పూర్ వచ్చేనాటికే కెనడా బాప్టిస్టు మిషనువాళ్ల దగ్గర బాప్తిస్మం తీసుకున్నాడు. ఊళ్లో గ్రామదేవతకి మొక్కడం మానేసి వచ్చాడు. ఇక్కడ తోటి తెలుగువాళ్లు తమ అమ్మవారిని వెంట తెచ్చుకున్నారు. మాతాపూజకి ఘటాలు వీధిన వెళ్తుంటే తాత అరుగు మీద కూర్చుని చూసేవాడు, చేతులు జోడించేవాడు కాదు. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకి లేతు మిషన్లకి బంతిపూల దండలు వేసేవారు. తాత ఆ రోజు తన మిషను శుభ్రంగా తుడిచి పక్కన నిలబడేవాడట. “మేం మొక్కం” అన్నదే మా ఇంటి గుర్తింపు.

1927లో వర్క్‌షాపులో ఉద్యోగాల కోత పడింది. సమ్మె వచ్చింది. నాయకుల్లో వి.వి. గిరి ఒకరు. ఎవరి నంబరు పోతుందో తెలియని ఆ నెలల్లో ప్రార్థన కూడికలు కిటకిటలాడాయని మామ్మ చెప్పేది. “అందరి మనవీ ఒకటేరా, బిళ్ల నిలబెట్టు ప్రభువా అని. ప్రభువు కావాలని అడిగినోళ్లని నేను సూళ్లేదు.” నవ్వుతూనే అనేది. ఆకలి ఎరిగిన మనుషులు, వాళ్లని తప్పుపట్టలేను. కానీ మొక్కు మొదలయ్యేది భయం దగ్గరే.

స్వాతంత్ర్యం వచ్చాక 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. క్వార్టరు, పాసు, ఆసుపత్రి, పెన్షను ఉన్నాయి గనక భయం పోవాలి. పోలేదు, హోదాగా మారింది. మా సంఘంలో పెళ్లి సంబంధం వస్తే “రక్షణ పొందాడా?” కన్నా ముందు “పర్మనెంటేనా?” అని అడిగేవారు. ఆఖరికి ఖరగ్‌పూర్ స్టేషను ప్లాట్‌ఫారం కూడా మాకు గర్వమే. 1072 మీటర్లు, ప్రపంచంలో అన్నిటికన్నా పొడవు అని చుట్టాల దగ్గర చెప్పుకునేవాళ్లం. 2013లో గోరఖ్‌పూర్ దాన్ని దాటేసింది. ఆ వారం మా వీధిలో కొందరి ముఖాలు నిజంగానే చిన్నబోయాయి.

పాత నిబంధనలో ఇత్తడి సర్పం కథ ఉంది. పాముకాటుకి చస్తున్న జనం బతకడానికి మోషే దాన్ని దేవుడి మాట మీదే చేయించాడు. కొన్ని వందల ఏళ్లకి జనం దానికే ధూపం వేశారు. హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు. నన్ను కుదిపేది ఒక్క సంగతే: అది పరాయి దేవత విగ్రహం కాదు, దేవుడిచ్చిన వరం. ధనాశ కూడా విగ్రహారాధనే అని పౌలు కొలొస్సయులకి రాశాడు. ఆ మాట బోధించినప్పుడల్లా మా సంఘంలో తలలు వీధిలోని పూజ పందిళ్ల వైపు తిరిగేవి.

నా తలా అంతే. మా అబ్బాయి బడిపంతులు కావాలనుకున్నాడు. నేను వాడి చేత రైల్వే పరీక్షలే రాయించాను, వయసు పరిమితి దాటేదాకా. ఆదివారం పరీక్ష పడితే ఆరాధన మానిపించాను. మోలెకు దేవతకి పిల్లల్ని అర్పించినవాళ్ల గురించి సండే స్కూల్లో పాఠం చెప్పింది కూడా నేనే. వాడు ఒక రోజు బిళ్ల వైపు చూపించి, “నాన్నా, మనింట్లో విగ్రహం లేదని ఎవరన్నారు?” అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను.

తాత కష్టానికి ఆ బిళ్ల గుర్తు, దాన్ని పారెయ్యలేదు. పాత తాళాల సొరుగులో పెట్టాను. దాన్ని ఇప్పుడెవరూ తోమరు. పొరుగింటి పందిరి గురించి మాట్లాడే ముందు, మీ ముందుగదిలో పై మేకుకి ఏం వేలాడుతోందో ఒకసారి చూసుకోండి.