పల్లె బడికి ఇంకో గది: ఒక అర్జీ చరిత్ర

పోయిన ఆదివారం సముద్రం పక్కన ఒక పల్లెకి పోయాను. పేరు రాయను, అర్జీ ఇంకా ఆఫీసులో ఉంది. అక్కడి ప్రాథమిక బడికి అయిదు తరగతులు, రెండు గదులు. మూడో తరగతి వరండాలో. వానొస్తే వాళ్లూ లోపలికే. పేరెంట్స్ కమిటీలో ఉన్న ఒక అక్క తెల్లకాగితం నా ముందు పెట్టి, "అబ్బయా, నువ్వు డాక్టరేట్ చేసినోడివి గదా, కాదనడానికి లేకుండా రాయి" అంది.

రాస్తుంటే అనిపించింది, ఈ కాగితం కొత్తది కాదు. దీనికి నూట డెబ్బై ఏళ్ల వయసుంది.

1854 వుడ్ డిస్పాచ్‌తో గ్రాంట్-ఇన్-ఎయిడ్ వచ్చింది. బడి పెట్టేవాళ్లు కొంత డబ్బు పోగేస్తే సర్కారు కొంత కలుపుతుంది. చూడ్డానికి న్యాయంగానే ఉంది. కానీ కూలికి గింజలు కొలిపించుకునే మాలమాదిగ పల్లెలో డబ్బు ఎవడు పోగేస్తాడు? ఉన్నవాడికే ఇంకాస్త ఇచ్చే పద్ధతి అది. ఆ పైన రిజల్ట్స్ గ్రాంటు. ఇన్‌స్పెక్టరు పరీక్ష పెడతాడు, పాసైన పిల్లల లెక్కన డబ్బు. కోతల కాలంలో పొలంలో ఉండే పిల్లవాడు పాసయ్యేదెప్పుడు?

మన తీరంలో ఆ సందులోకి వచ్చింది అమెరికన్ బాప్టిస్టు మిషన్. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో కుదురుకున్నాడు. 1872లో రామాయపట్నంలో సెమినరీ పెట్టారు. ఇప్పుడు పోర్టు కడుతున్న ఆ రామాయపట్నమే. ఆ ఊరు 1970 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022లో మళ్లీ నెల్లూరు. అక్కడ చదివినవాళ్లు పల్లెలకు పోయి ఆదివారం బోధకులు, మిగతా రోజులు పంతుళ్లు. గుడీ బడీ ఒకటే పాక. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని క్లౌ దొర తీసుకుని మనవాళ్లకు కూలి ఇప్పించిన కథ అందరం విన్నదే. అయితే దొర దయ దగ్గరే కథ ఆపేస్తాం మనం. దొరని వెతుక్కుంటూ పోయిన ఎర్రగుంట్ల పేరయ్యను మరిచిపోతాం. అడిగినవాడు లేకుండా ఇచ్చినవాడు లేడు.

1893 ఫిబ్రవరిలో మద్రాసు ప్రభుత్వం పంచముల చదువు మీద ఒక ఉత్తర్వు ఇచ్చింది. పెద్ద పల్లెలన్నిటిలో ప్రత్యేక బడులు, పంతుళ్లకు శిక్షణ, రాత్రి బడులు, బడి కట్టుకోవడానికి పోరంబోకు జాగా. దీన్ని పంచముల చదువుకు మాగ్నాకార్టా అంటారు. నాకు ఇందులో ముఖ్యం జాగా మాట. అంటే గది కట్టుకోవడానికి మనకు నేల కూడా లేదని సర్కారే ఒప్పుకున్నట్టు. అయితే ఆ పోరంబోకు లెక్క రాసేది కరణం. స్థానిక బోర్డుల్లో కూర్చునేది భూములున్నవాళ్లు. ఉత్తర్వు మద్రాసులో, కలం ఊళ్లో.

1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మనం ఆది ఆంధ్రులమన్నాం. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే లేబర్ కమిషనరు శాఖ మన పల్లెల్లో బడులు తెరిచింది. వేరే బడులెందుకంటారా? మామూలు బడి అగ్రహారంలోనో గుడి ఆవరణలోనో ఉంటే మన పిల్ల అక్కడ అడుగెట్టేదెలా?

స్వతంత్రం వచ్చాక 1987 ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ ప్రతి ప్రాథమిక బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు అంది. కనీసం అన్నది మనకు గరిష్ఠమైపోయింది. 1996లో డీపెప్ వచ్చినప్పుడు తొలి అయిదు జిల్లాల్లో నెల్లూరు ఒకటి. 2019 నవంబరు 14న మొదలైన నాడు-నేడు తొలి విడతలో 15,715 బళ్లకు మరుగుదొడ్లు, నీళ్లు, రంగులు వచ్చాయి, మంచిదే. పిల్లలు పట్టని బడికి రంగు వేస్తే పిల్లలు పడతారా?

అక్క అడిగిన అర్జీకి వస్తాను. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు తీసి ఎదురుగా పెట్టుకున్నాం. 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90కి ముగ్గురు, 91 నుంచి 120కి నలుగురు, 200 దాకా అయిదుగురు. టీచరుకు కనీసం ఒక గది. అందుకే అర్జీలో మొదటి వాక్యం హాజరు పట్టీలోని సంఖ్య. "దయతో మంజూరు చేయవలసిందిగా" అని అక్క వాళ్ల తమ్ముడు ముందే రాసిపెట్టాడు, అది కొట్టేశాం. 22వ సెక్షన్ ప్రకారం కమిటీ తయారుచేసే బడి అభివృద్ధి ప్రణాళికే ప్రభుత్వ గ్రాంట్లకు ఆధారం కావాలి. కాబట్టి అర్జీతో పాటు ఆ ప్రణాళిక, కమిటీ తీర్మానం, సంతకాలు. 2013 ఎస్సీ ఉప ప్రణాళిక చట్టం పేరు కూడా ఎక్కించాం.

ఒక చిక్కుంది. ఆ బడి వెనక కప్పు పడిపోయిన పాత గది ఒకటి రికార్డులో ఇంకా గదిగానే ఉంది. కాగితం మీద ఆ బడికి మూడు గదులు. ముందు దాన్ని కొట్టించాలి, లేకపోతే కొత్తది రాదు. నేను చదివిన పల్లె బడిలోనూ ఇదే జరిగింది, గది వచ్చేసరికి నేను ఇంటర్‌లో ఉన్నా.

తీర్మానం మీద అక్క వేలిముద్ర వెయ్యలేదు. పెన్ను అడిగి, అక్షరం అక్షరం కూడబలుక్కుని, తన పేరు తనే రాసింది. రసీదు తీసుకోకుండా ఆఫీసు మెట్లు దిగొద్దని చెప్పి వచ్చాను. సోమవారం ఫోన్ చేసింది, రసీదు ఇచ్చారంట. తేదీ వేశారా అని అడిగాను. వెయ్యలేదంట. మళ్లీ పోయింది.