ఆపరేషన్ అయిన పిల్లలు పెద్దయ్యాక

1938 ఆగస్టు 26న బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో రాబర్ట్ గ్రాస్ అనే సర్జన్ ఏడేళ్ల పాప ఛాతీ తెరిచి, పుట్టిన కొద్దిరోజుల్లోనే మూసుకుపోవాల్సిన రక్తనాళం ఒకటి ఇంకా తెరుచుకునే ఉంటే దాన్ని దారంతో బిగించి కట్టేశాడు. పుట్టుకతో వచ్చే గుండె జబ్బుల శస్త్రచికిత్స చరిత్రను చాలామంది అక్కడినుంచే లెక్కిస్తారు. ఆ జబ్బులతో పుట్టి, బతికి, పెద్దవాళ్లయినవారికి వైద్యం చేసే ప్రత్యేక నిపుణులకు అమెరికాలో తొలి బోర్డు పరీక్ష జరిగింది మాత్రం 2015లో. మధ్యలో 77 ఏళ్లు. ఇంత ఆలస్యానికి తెలివి చాలకపోవడం కారణం కాదని నా వాదన. వైద్యవిద్య మనిషి జీవితాన్ని పద్దెనిమిదేళ్ల దగ్గర రెండుగా కోసి ఇద్దరికి పంచింది. ఈ జబ్బులు బాగా తెలిసిన డాక్టరు పిల్లల వార్డులో ఉండిపోయాడు. పెద్దల గుండెను చూసే డాక్టరు గుండెపోటు, రక్తపోటు, కవాటాల జబ్బు నేర్చుకున్నాడు తప్ప వీటిని నేర్చుకోలేదు. బతికి బయటపడ్డ తరం ఆ ఇద్దరికీ మధ్య మిగిలిపోయింది.

మొదట్లో ఇది ఎవరికీ తట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు. మాంట్రియల్‌లో మాడ్ ఆబట్ 1936లో వెయ్యి కేసులతో ఈ జబ్బుల అట్లాసు అచ్చువేసేనాటికి వీటి గురించి తెలిసిందంతా ఎక్కువగా శవపరీక్షల్లో తెలిసిందే. 1944 నవంబరు 29న జాన్స్ హాప్కిన్స్‌లో నీలంగా మారిన పసిపాపకు ఆల్ఫ్రెడ్ బ్లాలాక్ ఆపరేషన్ చేశాడు. ఆలోచన హెలెన్ టాసిగ్‌ది. ప్రయోగశాలలో ఆ పద్ధతిని తీర్చిదిద్దిన చేతులు వివియన్ థామస్‌వి. నల్లజాతివాడు కావడం వల్ల ఆయనకు పేరు దక్కడానికి దశాబ్దాలు పట్టింది. 1954లో మినసోటాలో వాల్టన్ లిల్లెహై తండ్రినో తల్లినో పక్క బల్లమీద పడుకోబెట్టి, వాళ్ల గుండెనే బిడ్డకు పంపుగా వాడుకుని బిడ్డ గుండె లోపల కుట్లు వేశాడు. ఆ పద్ధతిలో 45 మందికి ఆపరేషన్ చేస్తే 28 మంది ఇంటికి వెళ్లారు. అలాంటి రోజుల్లో బిడ్డ ప్రాణంతో గడప దాటడమే గెలుపు. ముప్పై ఏళ్ల తర్వాత సంగతి ఆలోచించలేదని వాళ్లను తప్పుపట్టడం అన్యాయం.

కానీ ఆ ముప్పై ఏళ్లూ గడిచాయి. టెట్రాలజీ ఆఫ్ ఫాలో అనే జబ్బునే చూడండి. రెండు జఠరికల మధ్య గోడకు రంధ్రం, ఊపిరితిత్తులకు వెళ్లే దారి ఇరుకు. సర్జన్ రంధ్రం మూస్తాడు, అడ్డుపడే కండరం కోసేస్తాడు, కవాటం దగ్గర కూడా దారి ఇరుకైతే దాన్ని అడ్డంగా చీల్చి పైన అతుకు వేసి వెడల్పు చేస్తాడు. నల్లబారిన పెదవులు ఎర్రబడతాయి. అయితే చీల్చిన కవాటం ఇక సరిగా మూసుకోదు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ పైకి వెళ్లిన రక్తంలో కొంత వెనక్కి జారుతుంది, కుడి జఠరిక ఏడాదికేడాది సాగుతుంది. ఇరవై, ముప్పై ఏళ్లు మనిషికి ఏమీ తెలియకపోవచ్చు. ఆ తర్వాత గుండెదడ, కళ్లు తిరిగి పడిపోవడం, కొందరిలో హఠాన్మరణం. 1995లో లండన్ రాయల్ బ్రాంప్టన్ ఆసుపత్రి నుంచి మైకేల్ గట్జూలిస్ బృందం ఒక ఆనవాలు పట్టుకుంది. ఈసీజీలో జఠరికల తరంగం వెడల్పు 180 మిల్లీసెకన్లకు చేరినవారికి ప్రాణాపాయం ఎక్కువ. కాగితం మీద అది నాలుగున్నర చిన్న గడులు. ఈ ఆపరేషన్ అయినవారి ఈసీజీలో ఆ తరంగం ఎలాగూ కొంత వెడల్పుగానే ఉంటుంది కాబట్టి, అలవాటు లేని కన్ను దాన్ని పాత మచ్చ కిందే జమకట్టి వదిలేస్తుంది. గడులు లెక్కపెట్టాలని తెలిసినవాళ్లే లెక్కపెడతారు.

ఈ విద్యలో ముఖ్యమైన పాఠం ఇదే అనుకుంటాను: రోగికి ఏ జబ్బు అన్నది తెలిస్తే చాలదు, ఏ సంవత్సరంలో ఏ పద్ధతిలో ఆపరేషన్ జరిగిందో తెలియాలి. ధమనులు తారుమారైన గుండెకు 1963లో టొరంటోలో విలియం మస్టర్డ్ కొత్త ఆపరేషన్ కనిపెట్టాడు. అందులో రక్తాన్ని పై గదుల్లోనే దారి మళ్లిస్తారు, ఒళ్లంతటికీ రక్తం తోసే బరువు జీవితాంతం కుడి జఠరిక మీదే పడుతుంది. 1975లో బ్రెజిల్‌లో అడిబ్ జటెనే ధమనులనే మార్చి కుట్టి చూపించాక మస్టర్డ్ పద్ధతి క్రమంగా మరుగునపడింది. ఇవాళ పిల్లల వార్డులో శిక్షణ పొందే డాక్టరుకు ఆ ఆపరేషన్ ఎదురుపడదు. అది చేయించుకున్నవాళ్లు మాత్రం నడివయసులో ఉన్నారు.

ఈ అవసరాన్ని ముందుగా గుర్తించినవాళ్లు లేకపోలేదు. టొరంటో జనరల్ ఆసుపత్రిలో జాన్ ఎవాన్స్ 1959లోనే పెద్దల క్లినిక్ తెరిచాడు. పిల్లల ఆసుపత్రి పక్కనే ఉండటంతో ఎదిగిన పిల్లలు అక్కడినుంచి ఇక్కడికి నడిచి రాగలిగారు. లండన్ నేషనల్ హార్ట్ హాస్పిటల్లో జేన్ సోమర్‌విల్ పట్టుదల వల్ల 1975లో కౌమారదశవారికీ పెద్దవారికీ ప్రత్యేక వార్డు వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో జోసెఫ్ పెర్లాఫ్ గర్భం, ఉద్యోగం, మానసిక ఆరోగ్యం కూడా ఈ వైద్యంలో భాగమేనని చెప్పి అందుకు తగిన కేంద్రం కట్టాడు. కానీ ఇవన్నీ వ్యక్తుల చొరవతో నడిచినవి. శిక్షణకు నిర్ణీత పాఠ్యక్రమం లేనంతకాలం ఒక గురువు దగ్గర కొందరు శిష్యులు తయారవడమే తప్ప విద్య వ్యాపించలేదు. 2000లో అమెరికన్ నిపుణుల సదస్సు దేశంలో ఇలాంటి పెద్దలు 8 లక్షల మంది ఉంటారని అంచనా కట్టింది. ఆ తర్వాత కూడా ఈ విభాగానికి గుర్తింపు రావడానికి 2012 దాకా ఆగాల్సివచ్చింది. కార్డియాలజీ పూర్తయ్యాక ఇంకో రెండేళ్ల శిక్షణ నిర్ణయమైంది.

మంచి కార్డియాలజిస్టు చాలడా, మళ్లీ ప్రత్యేక శిక్షణ ఎందుకు అని అడిగేవాళ్లున్నారు. పాత బ్లాలాక్ పద్ధతిలో చేతికి వెళ్లే ధమనినే కోసి ఊపిరితిత్తుల ధమనికి కుట్టేవారు. ఆ చేతికి బీపీ పట్టీ చుడితే అంకె తక్కువగా వస్తుంది. సంగతి తెలియని డాక్టరు బీపీ పడిపోయిందనుకోవచ్చు, లేదా నిజంగా ఎక్కువున్న బీపీని గమనించకపోవచ్చు. ఒంటి నీలం పోకుండానే పెద్దయినవారిలో ఎర్రకణాలు బాగా పెరుగుతాయి. రక్తం చిక్కబడిందని తరచూ తీసేయడం ఒకప్పుడు మామూలు. అలా తీస్తే ఒంట్లో ఇనుము తరిగిపోయి కణాలు చిన్నవవుతాయి. మేయో క్లినిక్ వైద్యులు 1996లో పరిశీలిస్తే, పక్షవాతంతో బలంగా ముడిపడినది రక్తం చిక్కదనం కాదు, ఆ చిన్న కణాలే. ఇందులో ఎవరి నిర్లక్ష్యమూ లేదు. మిగతా రోగుల దగ్గర సరైన అలవాటే ఇక్కడ హాని చేస్తుంది. కెనడాలోని క్యూబెక్ రికార్డులపై 2014లో వచ్చిన అధ్యయనంలో, ప్రత్యేక కేంద్రాలకు పంపిన రోగుల్లో మరణాలు తక్కువని తేలింది. జబ్బు తీవ్రంగా ఉన్నవారిలో ఆ తేడా ఇంకా స్పష్టం. అది రికార్డుల అధ్యయనమే కాబట్టి కొంత జాగ్రత్తగానే తీసుకోవాలి. అయినా పైన చెప్పిన కారణాలతో కలిపి చూస్తే కొట్టిపారేయలేం.

బాగున్నవాళ్లను జన్మంతా రోగులుగా ఉంచడం ఏమిటన్న ప్రశ్నలోనూ న్యాయముంది. చిన్నప్పుడే మూసేసిన చిన్న రంధ్రంతో హాయిగా బతుకుతున్నవారు ఎందరో. వాళ్లకు ప్రత్యేక కేంద్రం అక్కర్లేదని నిపుణుల సదస్సుల మార్గదర్శకాలే చెప్పాయి. ఎవరు రానక్కర్లేదో ధైర్యంగా చెప్పడానికీ ఆ శిక్షణే కావాలి.

మన దగ్గర బిడ్డకు మొదటి ఆపరేషనే దొరకనప్పుడు ఇదంతా విలాసం కాదా అన్నది అన్నిటికన్నా బరువైన ప్రశ్న. ఒకప్పుడు అది సరైన ప్రశ్నే. కానీ పుట్టపర్తిలో ఉచితంగా గుండె ఆపరేషన్లు చేసే ఆసుపత్రి 1991లో మొదలైంది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ పేద ఇళ్ల పిల్లలకు ఈ ఆపరేషన్లు అందుబాటులోకి తెచ్చింది. అప్పటి అయిదేళ్ల పిల్లలకు ఇప్పుడు ఇరవై దాటాయి. కొందరు పెళ్లి చేసుకుంటున్నారు, కొందరు గర్భిణులు. 2013లో వచ్చిన జాతీయ బాలల ఆరోగ్య పరీక్షల పథకం బిడ్డ పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ల దాకా చూస్తుంది, ఆ తర్వాత ఆ బిడ్డ దాని పరిధి దాటిపోతుంది. అమెరికా, బ్రిటన్ పిల్లలు జారిపోయింది ఆ వయసు దగ్గరే. వాళ్ల చరిత్ర మన కళ్లముందుంది గనుక మనం 77 ఏళ్లు ఆగక్కర్లేదు. ఊరూరా కేంద్రం అవసరం లేదు, రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒక్కోటి ఉన్నా మొదలుపెట్టవచ్చు. పిల్లల కార్డియాలజిస్టూ పెద్దల కార్డియాలజిస్టూ ఒకే ఓపీలో కూర్చోవాలి, ప్రసూతి వైద్యురాలు పిలిస్తే వచ్చేలా ఉండాలి, ఇద్దరు ముగ్గురు యువ డాక్టర్లు అక్కడే రెండేళ్లు నేర్చుకోవాలి. అంతకన్నా ముందు, ఖర్చు లేకుండా రేపే చేయగలిగినది ఒకటుంది. ఏ ధమనిని కోశారో, ఏ కవాటాన్ని చీల్చారో, ఏ చేతికి బీపీ చూడకూడదో తెలుగులో రాసిన కాగితాన్ని డిశ్చార్జి రోజునే తల్లిదండ్రుల చేతికివ్వడం, పద్దెనిమిదేళ్లు నిండినప్పుడు అదే కాగితాన్ని ఆ అమ్మాయికో అబ్బాయికో చదివి వివరించడం.